రావణహత్త కొన్నాను, కిమ్మనడం లేదు

కాకినాడ_కాజా
సంక్రాంతి సెలవుల్లో రాజస్థాన్‌లోని జైసల్మేర్ వెళ్ళాం. కోట గుమ్మం దగ్గర ఒక పెద్దాయన కూర్చుని రావణహత్త వాయిస్తున్నారు. ఫిడేలులా కమానుతో పలికించే అక్కడి తీగ వాద్యం అది. పది నిమిషాలు అక్కడే నిలబడిపోయాను. పక్కన గుడ్డ మీద పరిచి అమ్ముతున్నారు, అందులో ఒకటి కొన్నాను. బేరమాడలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది. ఇంటికి తెచ్చి కమానుతో తీగ మీద లాగితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. చీపురు ఊడ్చినట్టు 'స్‌స్' అని ఒక చప్పుడు, అంతే. మూడు నెలలుగా గోడకు వేలాడుతోంది. కొబ్బరి చిప్పకు పొడుగు వెదురు కర్ర తగిలించి ఉంటుంది కదా, మా వాడు దాన్ని 'నాన్నగారి అబక' అంటున్నాడు. మోసపోయానా? లేక వాయించడం రాకపోతే ఇది ఇంతేనా?

వయొలిన్_వాణి
కమానుకు రోజిన్ రాశారా?

కాకినాడ_కాజా
రోజిన్ అంటే?

వయొలిన్_వాణి
అదీ సంగతి. మోసం కాదు, మీ వాద్యం ఆకలితో ఉంది. పైన్ చెట్టు జిగురు నుంచి టర్పెంటైన్ తీసేశాక మిగిలే గట్టి ముద్దను రోజిన్ అంటారు. వయొలిన్ సామాన్లు అమ్మే ఏ కొట్లోనైనా చిన్న డబ్బీలో దొరుకుతుంది. కమాను వెంట్రుకలు నున్నగా ఉంటాయి, తీగ కూడా నున్నగానే ఉంటుంది, ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. రోజిన్ పొడి అంటుకున్నాక వెంట్రుక తీగను పట్టుకుంటుంది, కాస్త లాగుతుంది, వదిలేస్తుంది, మళ్ళీ పట్టుకుంటుంది. సెకనుకు కొన్ని వందల సార్లు జరిగే ఆ పట్టువిడుపులే మీకు నాదంగా వినిపిస్తాయి. కొత్త కమానుకైతే కనీసం పది నిమిషాలు రుద్దాలి. నా దగ్గర చేరిన ప్రతి కొత్త విద్యార్థీ మొదటి వారం ఇదే ఫిర్యాదు చేస్తాడు.

సరదా_సుబ్బు
కాజా గారి కథ వింటే నా చిన్నప్పటి జాతర గుర్తొచ్చింది. మట్టి మూకుడుకు కాగితం అతికించి, వెదురు పుల్ల గుచ్చి, తీగ లాగిన ఫిడేళ్ళు అమ్మేవాడు ఒకడు వచ్చేవాడు. వాడి చేతిలో అది ఏ సినిమా పాటైనా పాడేది. డబ్బులిచ్చి మన చేతికి తీసుకోగానే తలుపు బందు కిర్రుమన్నట్టు ఏడ్చేది. మా నాన్న నెత్తిన ఒకటి మొట్టి, 'పాట ఫిడేల్లో లేదురా, వాడి చేతిలో ఉంది' అన్నారు. వరుసగా మూడేళ్ళు కొన్నాను. మూడేళ్ళూ మొట్టికాయే.

చార్మినార్_చాయ్
మూడో ఏడు కూడా కొన్నారంటే మొట్టికాయ మీద ఇష్టంతోనే కొన్నట్టున్నారు.

లంకేశ్వరుడు
అసలు విషయం ఎవరూ ఎత్తడం లేదు. రావణహత్త అంటే రావణుడి చెయ్యి. ప్రపంచంలో కమానుతో వాయించే మొట్టమొదటి వాద్యం ఇదే, అయిదు వేల ఏళ్ళ నాటిది. లంక నుంచి హనుమంతుడు ఉత్తరాదికి తెచ్చాడు. అరబ్బులు ఇక్కడి నుంచి పట్టుకుపోతే యూరప్‌లో అది వయొలిన్ అయింది. మన వాద్యాన్నే మనకు తిరిగి అమ్మారు. వాణి గారు నేర్పేది రావణుడి మనవరాలినే.

పాతపుటలు
లంకేశ్వరుడు గారూ, ఆ అయిదు వేల ఏళ్ళ మాట ఎవరు పుట్టించారో తెలుసా? సొనెరా అనే ఫ్రెంచి యాత్రికుడు 1782లో అచ్చేసిన పుస్తకంలో 'రావణాస్త్రోన్' అని ఒక వాద్యం గురించి రాశాడు. తర్వాత ఫెతిస్ అనే బెల్జియం సంగీత పండితుడు 1856లో స్ట్రాడివరి అనే వయొలిన్ తయారీదారుడి మీద పుస్తకం రాస్తూ దాన్ని అందుకుని, వయొలిన్‌కు మూలం ఇదేనని, క్రీస్తుకు పూర్వం అయిదు వేల ఏళ్ళ నాటి రావణుడి సృష్టి అనే ఐతిహ్యం ఉందని రాశాడు. అంటే మనం మన తాతల మాట అనుకుంటున్నది బ్రస్సెల్స్ నుంచి వచ్చిన మాట.

చేతికి దొరికే ఆధారాలు వేరే దారి చూపిస్తాయి. పదో శతాబ్దంలో అల్ ఫారాబీ అనే పండితుడు రాసిన సంగీత గ్రంథంలో కమానుతో వాయించే వాద్యాల ప్రస్తావన ఉంది. అంతకు ముందు కమాను వాడుకకు గట్టి సాక్ష్యం ఎక్కడా తేలడం లేదు. గుర్రాల మీద బతికిన మధ్య ఆసియా జనం గుర్రపు వెంట్రుకలతో ఈ పద్ధతి మొదలుపెట్టి ఉంటారని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. మన వైపు 'రావణహస్త' అనే వీణ పేరు 11, 12 శతాబ్దాల సంస్కృత సంగీత గ్రంథాల్లో కనిపిస్తుంది. అది తక్కువ వయసేమీ కాదు. తొమ్మిది వందల ఏళ్ళు సరిపోవా, అయిదు వేలే కావాలా?

లంకేశ్వరుడు
రాసి పెట్టుకోనంత మాత్రాన లేదని ఎలా అంటారు? రావణహత్త వాయిస్తూ కథలు పాడే భోపాలు చదువుకున్నవారు కాదు. వాళ్ళ నోటి మాటకు విలువ లేదు, ఫ్రెంచివాడు రాస్తే మాత్రం ఉందా?

పాతపుటలు
ఫ్రెంచివాడు చెప్పిందే తప్పంటున్నాను, మీరు మళ్ళీ చదవండి.

మరుభూమి_బాటసారి
జోధ్‌పూర్‌లో పదకొండేళ్ళు ఉద్యోగం చేశాను కాబట్టి నేనూ ఒక మాట చెప్పుకుంటాను. రావణహత్తను విడి వాద్యంగా చూస్తే సగమే చూసినట్టు. అది పాబూజీ కథకు పుట్టిన గొంతు. పాబూజీ కొలూ అనే ఊరి రాఠోడ్ వీరుడు, ఇప్పుడు దేవుడు. ఆయన కథంతా పడ్ అనే గుడ్డ మీద బొమ్మలుగా వేసి ఉంటుంది. సుమారు 15 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు. పగలు చుట్టి పెడతారు. పొద్దు గుంకాక రెండు గుంజలకు కట్టి, ముందు దీపం పెట్టి తెల్లవార్లూ పాడతారు. భోపా రావణహత్త వాయిస్తూ, కాళ్ళ గజ్జెలతో అడుగులు వేస్తూ కథ నడుపుతాడు. అతని భార్య భోపీ దీపం పట్టుకుని ఏ ఘట్టం పాడుతుంటే ఆ బొమ్మ మీద వెలుగు పడేలా చూపిస్తూ గొంతు కలుపుతుంది. ఆమె గొంతు చాలా పైస్థాయిలో ఉంటుంది. రావణహత్త కీచుగా ఎందుకు ఉంటుందో ఆ గొంతుతో కలిపి విన్నాకే నాకు తెలిసింది. పశువులకు జబ్బు చేస్తే పడ్ కట్టిస్తామని మొక్కుకుంటారు. బొమ్మల గుడ్డ పాతబడి చిరిగితే పారేయరు, పుష్కర్ చెరువులో నిమజ్జనం చేస్తారు.

లంకేశ్వరుడు గారికి ఒక బహుమానం. పాబూజీ కథలోనే లంక ఉంది. అన్న కూతురు కేలం పెళ్ళికి లంక నుంచి ఒంటెలు తెచ్చి ఇస్తానని పాబూజీ మాట ఇస్తాడు. పెళ్ళివారు నవ్వుతారు. అత్తవారింట్లో ఆ పిల్లను ఎగతాళి చేస్తారు. హర్మల్ అనే పశుల కాపరి జోగి వేషం కట్టి సముద్రం దాటి వెళ్ళి ఆనవాళ్ళు తెస్తాడు. తర్వాత పాబూజీ దండెత్తి ఒంటెలను తోలుకొస్తాడు. మార్వాడ్‌కు ఒంటె అలా వచ్చిందని రైకా కాపరులు ఈ రోజుకూ చెప్పుకుంటారు. లంక నుంచి ఒంటె వచ్చినప్పుడు వాద్యం రాకూడదా అని మీరు అడగొచ్చు. లంకలో ఒంటెలు ఎక్కడివని పాతపుటలు గారు అడుగుతారు. ఇద్దరూ మాట్లాడుకోండి.

లంకేశ్వరుడు
ఒంటెల సంగతి తెలియదు. బాగుంది. రాసి పెట్టుకుంటున్నాను.

సరదా_సుబ్బు
పెళ్ళిలో మాట ఇచ్చి, అత్తవారు దెప్పాక దండెత్తి మరీ తెచ్చాడా! మా మామగారు స్కూటర్ ఇస్తానన్నారు. అప్పుడే ముప్పై ఏళ్ళయింది.

కాకినాడ_కాజా
వాణి గారూ, రోజిన్ కొన్నాను. పది నిమిషాలు కాదు, అరగంట రుద్దాను. ఒళ్ళంతా తెల్ల పొడి. ఇప్పుడు చప్పుడు వస్తోంది, కానీ తలుపు సందులో పిల్లి తోక పడ్డట్టుంది. అదీ ఉండి ఉండి వస్తోంది. ఫోటో పెట్టాను, కమాను దగ్గరగా కనిపిస్తుంది చూడండి.

మరుభూమి_బాటసారి
ఫోటో పెద్దది చేసి చూశాను. కమాను వెంట్రుకలు అంత తెల్లగా, అన్నీ ఒకే లావున మెరుస్తున్నాయంటే అనుమానమే. ఒక పోగు తెంపి నిప్పు చూపించండి. గుర్రపు వెంట్రుకైతే జుట్టు కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. నైలాన్ అయితే కరిగి కొసన గట్టి పూసలా ముద్ద కడుతుంది.

కాకినాడ_కాజా
పూస.

సరదా_సుబ్బు
ఒక్క మాటలో ఇంత విషాదం ఈ వేదికలో ఎప్పుడూ చదవలేదు.

మరుభూమి_బాటసారి
బాధపడకండి. నైలాన్ పోగు రోజిన్‌ను సరిగా పట్టుకోదు, అందుకే ఉండి ఉండి పలుకుతోంది. యాత్రికులకు అమ్మేవాటిలో ఇది మామూలే. గోడకు తగిలించుకుంటారని తెలిసే చేస్తారు. మీ చిప్ప, తోలు, బిరడలు మాత్రం ఫోటోలో బాగానే కనిపిస్తున్నాయి. కమాను ఒక్కటి మార్చుకుంటే చాలు. ఏ తీగ మీద లాగుతున్నారో కూడా చెప్పండి.

కాకినాడ_కాజా
అన్నిటికంటే మెరిసే తీగ మీద. అది కాదా?

మరుభూమి_బాటసారి
కాదు! మెరిసేది ఉక్కు తీగ, అది శ్రుతికి. పాట పలికేది దాని పక్కన నల్లగా, నీరసంగా కనిపించే తీగ. అది గుర్రపు వెంట్రుకల కట్ట. దాని మీదే వేళ్ళు, దాని మీదే కమాను. పక్కగా బిరడలకు కట్టిన సన్న తీగలు ఉన్నాయి చూశారా, వాటిని మీరు ముట్టుకోనక్కర్లేదు. పాట పలుకుతుంటే వాటంతట అవే అదిరి వెనక ఒక గుంగుం ఇస్తాయి. ఎన్ని ఉండాలనే లెక్క లేదు, చేసేవాడి ఇష్టం, కొనేవాడి స్తోమత.

ఇంకో మాట. వయొలిన్‌లా గడ్డం కింద పెట్టుకోకండి. చిప్పను ఛాతీకి ఆనించి, కర్రను ముందుకూ కిందికీ వాలేలా పట్టుకోండి. తీగను కర్రకు నొక్కకుండా వేలితో తాకి ఆపితే చాలు. మెట్లు లేవు కాబట్టి స్వరస్థానం మీ చెవే చెప్పాలి.

అమీర్‌పేట_అరుణ
మన కిన్నెర కూడా ఇదే కదా? మొగిలయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర. దానికి పద్మశ్రీ వచ్చినప్పుడు టీవీలో చూపించారు. రాజస్థాన్ దాకా ఎందుకు వెళ్ళారు కాజా గారూ?

ఉట్నూరు_మాస్టారు
అరుణ గారూ, ఈ పొరపాటు సరిచేయడానికే ఇంతసేపూ ఆగాను. దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, అది నిజం. కానీ కిన్నెరను వేళ్ళతో మీటుతారు. పేరులోనే మెట్లు ఉన్నాయి కదా. సొరకాయ బుర్రలు, మెట్లు, మీటడం, ఇదీ కిన్నెర. కమాను దాని ఇంటికే రాలేదు.

మన దగ్గర కమానుతో పలికే జానపద వాద్యం కావాలంటే ఆదిలాబాద్ రండి. కిక్రి అంటారు, పుస్తకాల్లో కింగ్రి అని కూడా రాస్తారు. మూడు తీగలు, చెక్కను తొలిచి తోలు కప్పిన పొట్ట, గుర్రపు వెంట్రుకల కమాను. రాజగోండుల కథలు పాడే పర్ధాన్లు, తోటీలు వాయిస్తారు. కాపు ఇంటికి కరణం ఉన్నట్టు ఒక్కో గోండు కుటుంబానికి ఒక్కో పర్ధాన్ కుటుంబం తరతరాలుగా కట్టుబడి ఉండేది. పండక్కి, పెళ్ళికి, చావుకు అతను వచ్చి ఆ వంశం దేవుడి కథ, గోండుల ఆదిగురువు పహండి కుపార్ లింగో కథ పాడాలి. విచిత్రం ఏమిటంటే ఇక్కడి పర్ధాన్ల ఇంటి భాష మరాఠీ, పాడేది గోండిలో. గోండుల చరిత్రను గోండులు కాని నోళ్ళు మోసుకొచ్చాయి. హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్ర పరిశోధక దొర 1940ల్లో మార్లవాయి అనే గోండు గూడెంలో కాపురముండి గోండుల పురాణాలు రాసుకున్నదీ చాలావరకు ఈ గాయకుల నోటి నుంచే.

నేను ఈ ప్రాంతానికి బదిలీ మీద వచ్చిన కొత్తలో ఒకరి దినకర్మ భోజనానికి పిలిచారు. నులక మంచం పక్కన చాప మీద ఒక ముసలాయన గుండెకు కిక్రి ఆనించుకుని కూర్చున్నాడు. ఒక వాక్యం పాడి ఆపుతాడు. అదే వాక్యాన్ని కిక్రి మళ్ళీ అంటుంది. మాటలు లేవు, కానీ మాటల విరుపులన్నీ ఉన్నాయి. నాకు అప్పటికి గోండి ఒక్క ముక్క రాదు. కిక్రి చెప్పిందే ఎక్కువ అర్థమైనట్టు అనిపించింది. ఆయన బొటనవేలి గోరు పక్కన తీగ ఒరిపిడికి గాడి పడి ఉంది, అది ఇంకా కళ్ళ ముందు ఉంది.

అమీర్‌పేట_అరుణ
మాస్టారూ, చెంప ఛెళ్ళుమనిపించారు గానీ బాగుంది. కిక్రి పేరు ఇదే వినడం. మరి దానికి టీవీ ఎందుకు రాలేదు?

ఉట్నూరు_మాస్టారు
వస్తుంది, పుష్యమాసంలో. కేస్లాపూర్‌లో నాగదేవుడు నాగోబా జాతరకు గోండుల్లో మెస్రం వంశస్థులు గోదావరి హస్తినమడుగు నుంచి కాలినడకన నీళ్ళు తెస్తారు కదా, ఆ ఫోటోలు అన్ని పత్రికల్లోనూ వేస్తారు. ఒక మూల కిక్రి పట్టుకున్న మనిషి ఉంటాడు. కింద 'కిన్నెర వాయిస్తున్న కళాకారుడు' అని రాసి ఉంటుంది.

తలశ్శేరి_తెలుగువాడు
నేను ఇరవై ఏళ్ళుగా కేరళలో ఉంటున్నాను. ఇక్కడ పుళ్ళువన్ వీణ అని ఉంది. వీణ అంటారు గానీ కమానుతో వాయిస్తారు. ఒకటే తీగ. చెక్క పొట్టకు సంప్రదాయంగా ఉడుము తోలు కప్పేవారు. సర్పక్కావులనే పాముల తోపుల్లో నాగదేవతల ముందు ముగ్గు వేసి పుళ్ళువ కులస్థులు పాడతారు. మాస్టారు నాగోబా అనగానే వెలిగింది. ఇక్కడ పాముకు కమాను వాద్యం, అక్కడా పాముకు కమాను వాద్యం! తీగ పాకుడు శబ్దానికీ పాముకూ ఏదో సంబంధం ఉండాలి.

పాతపుటలు
రెండు ఉదాహరణలతో సిద్ధాంతం కట్టేశారు. పాబూజీ ఒంటెలను ఏం చేద్దాం?

తలశ్శేరి_తెలుగువాడు
ఒంటె మెడ చూడండి. పాములాగే ఉండదూ?

పాతపుటలు
ఓడిపోయాను.

నెమలికన్ను
మణిపూర్ వాళ్ళ పెనా కూడా కలపండి. దానిదీ కొబ్బరి చిప్పే, దాని కమానుకూ చిరుమువ్వలు ఉంటాయి. ఒక్క తీగ, అదీ గుర్రపు వెంట్రుకలే. లాయ్ హరావ్‌బా ఉత్సవంలో దేవతలను నిద్ర లేపేది పెనా రాగమే. ఖంబా థోయిబీ ప్రేమకథ కూడా దాని మీదే పాడతారు. రాజస్థాన్ ఇసుకకూ మణిపూర్ కొండలకూ మధ్య ఎంత దూరం! కొబ్బరి చెట్టు రెండు చోట్లా ఊరి చెట్టు కాదు, అయినా చిప్ప మాత్రం చేరింది.

లంకేశ్వరుడు
కొబ్బరి ఎక్కడిది మరి? లంకది.

సరదా_సుబ్బు
కోనసీమదని మా అత్తగారు అంటారు. ఈ వేదికలో ఆవిడతో వాదించగలిగే మగాడు లేడు.

పాతపుటలు
తెలుగులో రావణుడి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతాను. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం యాత్ర వర్ణిస్తూ వీణల పేర్లు గుక్క తిప్పకుండా చెప్పుకుపోతాడు. అందులో కిన్నర వీణ ఉంది, రావణుడి పేరుతోనూ వీణ ఉంది. లంకేశ్వరుడు గారు ఎగిరి గంతేయకముందే చెబుతున్నాను, పేరు ఉన్నంత మాత్రాన కమాను ఉన్నట్టు కాదు. ఆ రోజుల్లో తీగ ఉన్న ప్రతిదీ వీణే. ఇప్పటి పుళ్ళువన్ వీణ పేరే చూడండి.

లంకేశ్వరుడు
గంతేశాను. ఆలస్యమైంది.

ఉట్నూరు_మాస్టారు
కిక్రి బంధువుల గురించి ఒకరు విడిగా సందేశం పంపి అడిగారు. ఇక్కడే చెబుతాను. మధ్యప్రదేశ్‌లో మండ్లా వైపు పర్ధాన్లకు ఇలాంటి వాద్యమే ఉంది, పేరు బానా. వాళ్ళ దేవుడు బడా దేవ్ బానాలోనే కొలువుంటాడని నమ్మకం. ఏడుగురు అన్నదమ్ముల్లో చిన్నవాడు సాజా చెట్టు కింద బానా వాయించి అలిగిన దేవుడిని మెప్పించాడని, పర్ధాన్లు అతని సంతానమని కథ. అందుకని అది వాద్యమా, విగ్రహమా అని అడిగితే రెండూ అనే చెప్పాలి. గోడకు తగిలించడానికి అమ్మరు.

పోషించే ఇళ్ళు తగ్గాక ఆ పాటలు ఏమయ్యాయంటే, కొన్ని రంగుల్లోకి వెళ్ళాయి. పాటన్‌గఢ్ ఊరివాడైన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ 1980ల్లో భోపాల్‌లోని కళాకేంద్రం భారత్ భవన్‌కు చేరి, తాతలు పాడిన దేవతలకు బొమ్మలు వేశాడు. ఇప్పుడు మీరు గోండు చిత్రాలని కొంటున్నవాటిలో చాలా భాగం పర్ధాన్ల చేతివే. బొమ్మ అమ్ముడుపోయింది, బానా మూల చేరింది. ఆదిలాబాద్‌లో ఆ దారి కూడా దొరకలేదు. నా దగ్గర చదివిన పర్ధాన్ కుర్రాళ్ళలో కిక్రి పట్టినవాడు ఒక్కడే. మిగతావాళ్ళు డోలు, ఊదే పెప్రె నేర్చుకున్నారు, దీపావళికి ఆడే దండారి ఆటల సీజన్‌లో వాటికి పిలుపులు ఎక్కువ. తప్పు పట్టలేను.

డాలస్_నాన్న
ఆఫీసులో కూర్చుని ఇదంతా చదువుతున్నాను, పని ఆగిపోయింది. ఒక చిన్న సందేహం. జైసల్మేర్ వైపే గుండ్రటి పెద్ద పొట్ట ఉండే వాద్యం ఇంకొకటి ఉంటుంది. మా ఊరి భారతీయ సంఘం కార్యక్రమానికి వచ్చిన బృందం దగ్గర చూశాను. గొంతు బొంగురుగా, చాలా బాగుంది. అదీ రావణహత్తేనా?

మరుభూమి_బాటసారి
అది కమాయిచా. మాంగణియార్లనే గాయక కులంవారిది. మామిడి చెక్కను తొలిచి చేస్తారు, మేకతోలు కప్పుతారు, ముఖ్యమైన తీగలు మేక పేగుతో పేనినవి. ఆ బొంగురు అక్కడి నుంచే వస్తుంది. హమీరా ఊరి సాకర్ ఖాన్ గారు దీనికి పెద్ద పేరు, 2012లో పద్మశ్రీ ఇచ్చారు, మరుసటి ఏడే పోయారు. లంగాలనే మరో గాయక కులంవారిది ఇంకోటి, సింధీ సారంగి. ఆ ఎడారిలో కులం మారితే కమాను మారుతుంది. దేవుడు మారినా అంతే. పాబూజీ కథకు రావణహత్త, దేవనారాయణ్ అనే మరో జానపద దేవుడి కథకు జంతర్. జంతర్‌ను మీటుతారు. పాబూజీ భోపా చేతికి జంతర్ ఇచ్చి పాడమంటే, శైవుడికి తిరునామం పెట్టినట్టుంటుంది.

నాకు నచ్చేది మాత్రం కమాయిచానే. రావణహత్త పది నిమిషాలు వింటే ముచ్చట, గంట వింటే తలనొప్పి. కొట్టకండి.

నెమలికన్ను
కొట్టాలనే ఉంది. రాత్రంతా ఆరుబయట, మైకు లేకుండా ఊరంతా వినాలంటే కీచుగా కాక ఎలా ఉండాలి? మీరు డ్రాయింగ్ రూంలో కూర్చుని వింటే అది వాద్యం తప్పా?

మరుభూమి_బాటసారి
ఒప్పుకుంటున్నాను. తలనొప్పి మాత్రం నాదే.

వేదిక_కాపలా
వయొలిన్ తల్లి ఎవరన్న వాదాన్ని విడి చర్చగా మార్చాను. 41 సందేశాలు అక్కడికి వెళ్ళాయి. కొబ్బరి ఎవరిదన్న వాదాన్ని ఎక్కడికి పంపాలో తెలియక తీసేశాను. సుబ్బు గారి అత్తగారికి క్షమాపణలు.

డాలస్_నాన్న
కాజా గారూ, మా అమ్మాయి వయొలిన్ నేర్చుకుంటోంది. పాత చిన్న కమాను ఒకటి ఖాళీగా ఉంది. వచ్చే నెల రాజమండ్రి వస్తున్నాను, పట్టుకొస్తాను.

వయొలిన్_వాణి
అంత దూరం ఎందుకు? కాకినాడలోనే వయొలిన్ నేర్పేవారిని అడగండి, విరిగిన కమాను ఒకటైనా ఉంటుంది. వెంట్రుకల కట్ట విప్పి మీ వెదురు కమానుకు కట్టుకోవచ్చు, మువ్వలు కూడా ఉంటాయి. వెంట్రుకలను చేత్తో తడమకండి, చేతి జిడ్డు అంటితే రోజిన్ నిలవదు.

కాకినాడ_కాజా
కట్టేశాను. మా వీధి చివర సంగీతం పంతులు గారు పాత కమాను ఇచ్చారు, పైసా తీసుకోలేదు. 'ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు పలికించిన దేశంలో ఈ చిప్ప ఏమిటయ్యా' అని మాత్రం అన్నారు. బాటసారి గారు చెప్పినట్టు చిప్ప ఛాతీకి ఆనించి నల్ల తీగ మీద లాగాను. వచ్చింది! ఒకే స్వరం, కానీ కోట గుమ్మం దగ్గర విన్న స్వరమే. ఛాతీ ఎముకల్లో ముందు వినిపించి, తర్వాత చెవికి వచ్చింది. పక్క తీగలు వాటంతట అవే గుంగుమన్నాయి. మా వాడు హోంవర్కు వదిలేసి వచ్చి నిలబడ్డాడు. అబక అనే మాట రెండు రోజులుగా వినబడలేదు.

అమీర్‌పేట_అరుణ
రికార్డు చేసి పెట్టండి!

కాకినాడ_కాజా
నిన్నటి దాకా అయితే పెట్టేవాడిని. ఈ రోజు మళ్ళీ గొంతు పోయింది. పట్టుకుంటే తోలు మెత్తగా ఉంది, వేలితో తడితే తడి అట్ట మీద కొట్టినట్టుంది. తీగలు ఆనే చెక్క కాస్త లోపలికి దిగింది. ఏం చేశాను నేను?

వయొలిన్_వాణి
ఏమీ చేయలేదు. కాకినాడలో ఉన్నారు, అంతే. మేకతోలు జైసల్మేర్ గాలికి అలవాటు పడింది, సముద్రపు తేమ పీల్చుకుని వదులైంది. డప్పుకు నిప్పు చూపించినట్టే దీనికీ కాస్త వేడి తగలాలి. తీగలు ఒక చుట్టు వదులు చేసి, కాసేపు ఎండలో పెట్టండి. పొయ్యి దగ్గర మాత్రం పెట్టకండి, తోలు పగిలితే అతికే దారి లేదు.

ఉట్నూరు_మాస్టారు
ఎండలో పెట్టి వదిలేయకండి. కుక్కలు తోలు కోసం వస్తాయి. స్వానుభవం.

కాకినాడ_కాజా
డాబా మీద పెట్టాను. అక్కడ మా అమ్మ గుమ్మడి ఒడియాలు ఎండబెట్టింది, మీ వాద్యానికి కుక్కలైతే నా ఒడియాలకు కాకులు, రెండింటికీ నువ్వే కాపలా అని గొడుగు ఇచ్చి కూర్చోబెట్టింది. గంట గడిచేసరికి తోలు బిగిసింది. ఊరికే కూర్చోవడం ఎందుకని తీగలు మళ్ళీ బిగించి వాయించడం మొదలుపెట్టాను. సాయంత్రం దాకా వాయించాను. అమ్మ వచ్చి ఒడియాలు లెక్క చూసుకుంది. ఒక్క కాకి కూడా వాలలేదు. రేపు పక్కింటివాళ్ళు అప్పడాలు పెడుతున్నారట, నన్ను రమ్మంటున్నారు.